తొట్టి ఎడమకు ఒరిగింది

తాడేపల్లిగూడెం,
8 జూన్ 2003, ఆదివారం

ఎడ్విన్‌కి,

ఇంట్లో అందరం బాగున్నాం, నీ అక్వేరియం తప్ప. అందుకే ఈ ఉత్తరం.

ఈ ఉదయం చర్చికి బయల్దేరే ముందు, ఎప్పటిలాగే తొట్టిలో ఆవిరైపోయిన మేరకు మంచినీళ్ళు పోస్తుంటే నీటి మట్టం తేడాగా కనిపించింది. స్కేలు పెట్టి చూశాను. కుడి పక్క అంచు నుంచి నీళ్ళ దాకా రెండు అంగుళాలు. ఎడమ పక్క ఒకటీ ముప్పావు. నా కళ్ళ మీద నమ్మకం లేక మా దీవెన చేత కూడా కొలిపించాను. అదే లెక్క. పావు అంగుళం, వడ్రంగుల భాషలో రెండు నూళ్ళు, ఎడమకి దిగింది. వంగి చూస్తే స్టాండు వెనక ఎడమ కాలి దగ్గర పెయింటు పొక్కులు లేచి తుప్పు పొడి రాలుతోంది.

మీ అన్నయ్యకి చూపించాను. ఆయన కూర్చున్న చోటు నుంచే చూసి, "మా వాడు స్వయంగా చేసిన స్టాండు. ఐదేళ్ళ నుంచి మూడు క్వింటాళ్ళు మోస్తోంది. పడదులే," అన్నారు. "పడదని మీరంటున్నారు, స్కేలు ఇంకోలా అంటోందండీ," అన్నాను. ఉంగుటూరు హైస్కూల్లో లెక్కలు చెప్పే మనిషి స్కేలు మాట వినకపోతే నేనేం చెయ్యను?

పేరుపాలెంలో నీ హేచరీ మూతపడి అండమాన్ వెళ్ళేటప్పుడు, "రెండు నెలలు చూసుకోండి వదినా," అన్నావు. రెండేళ్ళయింది. రెండు పూటలా మేత నేనే వేస్తున్నాను. ఉప్పు నేనే కొలుస్తున్నాను. ఆ ఒంటి నీలం చేప, ఆ జంట నారింజ చేపలు, అవి కాపురం ఉండే, నువ్వు సీ అనిమోన్ అనే ఆ కదిలే పువ్వు, రాళ్ళ మీది పగడాలు, ఏది ఎప్పుడు ముడుచుకుని ఎప్పుడు విచ్చుకుంటుందో నా పుస్తకంలో రోజువారీ రాసి ఉంది. దాని గురించి ఫిర్యాదు లేదు. కానీ స్టాండు సంగతి నా చేతిలో లేదు. ఆ తొట్టి పక్కనే దీవెన చదువుకునే బల్ల ఉంది. ఇంటర్ రెండో సంవత్సరం పిల్ల, రోజుకి ఆరు గంటలు అక్కడే కూర్చుంటుంది.

కొత్త స్టాండు చేయించాలా? ఇనుమా, చెక్కా? మార్చేది ఎవరు? ఈ మూడింటికీ జవాబు రాయి. ఫోనులో మాట్లాడదామంటే మూడు నిమిషాల్లో రెండు నిమిషాలు గాలి చప్పుడే. ఇంకో సంగతి, నీ ఉత్తరాలకి తేదీ ఉండదు. దయచేసి తేదీ వెయ్యి.

నీ చేపలకి మేత వేసే వదిన,
దేవకుమారి

*

తాడేపల్లిగూడెం,
22 జూన్ 2003

ఎడ్విన్‌కి,

నీ జవాబు ఇంకా రాలేదు. ఈలోగా తొట్టి ఆగలేదు. ఇవాళ్టికి మూడు నూళ్ళు.

వడ్రంగి ఎజ్రాని పిలిపించాను. రైలుగేటు దగ్గర షెడ్డు, మన చర్చి బల్లలు చేసింది ఆయనే. కింద దూరి టార్చి వేసి చూసి, "గచ్చు బాగానే ఉందండీ అమ్మగారూ. కుంగేది ఇనుమే. దీన్ని నమ్ముకుని పాపాయిని పక్కన కూర్చోబెట్టకండి," అన్నాడు. ఆ సాయంత్రమే దీవెన బల్లని వంటగదిలోకి మార్చాను. ఇప్పుడు అది తాలింపు వాసనలో ఫిజిక్స్ చదువుతోంది. "చేపలకి ముందు గది, నాకు పొయ్యి పక్కనా?" అంటుంది.

ఒక ఆలోచన వచ్చింది. బరువు తగ్గించడానికి తొట్టిలో పావు వంతు నీళ్ళు తీసెయ్యనా? పై వరస రాళ్ళు మునిగే ఉంటాయి, కొలిచి చూశాను. నువ్వు అవునంటే రోజుకి కొంచెం చొప్పున తీస్తాను. నీ మాట లేకుండా చెయ్యడం నాకు ఇష్టం లేదు.

తేదీ వెయ్యి.

దేవకుమారి

*

దిగ్లీపూర్, ఉత్తర అండమాన్

(పై మూలన దేవకుమారి చేతిరాత: తేదీ లేదు. అందింది 4-7-2003.)

వదినా,

మీ ఉత్తరం అందింది. ఇక్కడ వాన పట్టుకుంది, పట్టుకుంటే వదలదు. క్యాంపులో నలుగురం, ఒక వంటవాడు. వాడు పప్పులో కూడా కొబ్బరి వేస్తాడు. మీ పప్పుచారు తలుచుకుంటూ మింగుతున్నాను. నిన్న రెండు తల్లి రొయ్యలు దొరికాయి, జానెడు పైన ఉన్నాయి. అవి గుడ్లు పెట్టడానికి విమానంలో ఆంధ్రాకి వస్తాయి. వాటిని పట్టిన నేను రావాలంటే ఓడలో మూడు రోజులు. అలా ఉంది మా బతుకు.

స్టాండు గురించి కంగారు పడకండి. పావు అంగుళం పెద్ద తేడా కాదు. ఏమీ అనుకోవద్దు గానీ, మీరు రోజూ తడిగుడ్డ పట్టుకుని తుడుస్తూ ఉంటారు కదా, ఆ ఉప్పు తడికే తుప్పు పట్టి ఉంటుంది. ఇకనుంచి పొడిగుడ్డ వాడండి.

కొత్త స్టాండు కావాలంటే చేయించండి. మద్ది చెక్క, ముప్ఫై అంగుళాల ఎత్తు, పైన మందపాటి ప్లైవుడ్, దాని మీద థర్మోకోల్ షీటు. రంగు వాసన పూర్తిగా పోయేదాకా గదిలోకి తేవద్దు. కానీ మార్చడం మాత్రం నేను వచ్చాకే. అది బీరువా జరపడం కాదు వదినా. సగానికి పైగా పాత నీళ్ళు డ్రమ్ముల్లో దాచాలి, సబ్బు ఎరగని డ్రమ్ములు. కొత్త సముద్రపు నీళ్ళు ముందే సిద్ధంగా ఉండాలి. ముందు రాళ్ళు తీసి పాత నీళ్ళలోనే ముంచి ఉంచాలి. అవి బతికున్న రాళ్ళు, వాటిని కుళాయి కింద పెడితే చస్తాయి. రాళ్ళు తీశాకే చేపలు దొరుకుతాయి, ముందు పట్టబోతే రాళ్ళు కూలబెట్టుకుంటాం. పువ్వు రాయిని పట్టుకుని ఉంటే రాయితో సహా తీయాలి, గాజుని పట్టుకుని ఉంటే లాగకూడదు, పాదం చిరిగితే అంతే. ఇసుక పై పొర దాచి, అడుగున నల్లబడిన వాసన ఇసుక పారెయ్యాలి. బియ్యం కడిగినట్టు కడక్కూడదు. ఒక్క గుప్పెడు నీళ్ళున్నా తొట్టిని ఎత్తకూడదు. వినడానికే ఇంత ఉంది చూడండి. అందుకే నేను రావాలి.

ఆగస్టులోనో సెప్టెంబరులోనో వస్తాను. ఈలోగా చేపల చెరువుల వాళ్ళనెవర్నీ చెయ్యి పెట్టనివ్వకండి. వాళ్ళు ఏ నీళ్ళు చూసినా సున్నం చల్లుతారు.

తొందరేం లేదు వదినా.

ఎడ్విన్

*

తాడేపల్లిగూడెం,
5 జూలై 2003

ఎడ్విన్‌కి,

నిన్న నీ ఉత్తరం చదివి, కోపం తగ్గాక రాద్దామని ఇవాళ్టి దాకా ఆగాను. పూర్తిగా తగ్గలేదు.

తడిగుడ్డ గాజుకి. పొడిగుడ్డ స్టాండుకి. రెండూ గోడకి వేరువేరు మేకులకి వేలాడుతుంటాయి. ఐదేళ్ళలో ఒక్కరోజు కూడా అవి మారలేదు. నువ్వు ఇంట్లో ఉన్న మూడేళ్ళూ ఆ మేకులు నీ కళ్ళ ముందే ఉన్నాయి. నీ ఉత్తరం మీ అన్నయ్య కూడా చదివారు. "అదీ సంగతి, నేను అనుకుంటూనే ఉన్నా," అన్నారు. ఆయన ఏం అనుకుంటున్నారో నాకు తెలియదు, పొడిగుడ్డ మాత్రం తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.

ఇవాళ్టికి నాలుగు నూళ్ళు. అర అంగుళం. నువ్వు తొందరేం లేదంటావు. కిందటేడు క్రిస్మస్‌కి వస్తానన్నావు, తర్వాత ఈస్టర్ అన్నావు, ఇప్పుడు ఆగస్టులోనో సెప్టెంబరులోనో అంటున్నావు. స్టాండుకి ఆ సంగతి చెప్పేదెవరు?

కొత్త స్టాండు ఎజ్రాకి పురమాయించాను. నువ్వు చెప్పిన కొలతలే. ఇంకో మాట కూడా సూటిగా అడుగుతున్నాను. నువ్వు ఎలా మార్చాలో రాసిందంతా నేను వరస ప్రకారం వేరే కాగితం మీద ఎక్కించాను. పదిహేడు పనులు వచ్చాయి. అందులో నాకు చేతకానిది ఏదీ కనిపించలేదు. ఆగస్టు తొమ్మిది రెండో శనివారం, మీ అన్నయ్యకి సెలవు. ఆ రోజు నేనే మార్చేస్తాను. చెయ్యమంటే చెయ్యమని రాయి, వద్దంటే వద్దని రాయి. ఏదో ఒకటి వెంటనే రాయి.

దేవకుమారి

*

దిగ్లీపూర్

(దేవకుమారి చేతిరాత: తేదీ లేదు. అందింది 18-7-2003.)

వదినా,

మీ ఉత్తరం అందింది. పడవ బయల్దేరుతోంది, రెండు ముక్కలే రాస్తున్నాను. మంచి ఆలోచన. మీరు రాసినట్టే చేసెయ్యండి. ఒక్కసారిగా కాకుండా నిదానంగా చెయ్యండి, రాళ్ళకి గాలి తగలనివ్వకండి. మీ లెక్క మీద నాకు నమ్మకం ఉంది.

దీవెనకి ముద్దులు. పొయ్యి పక్కన చదివినవాళ్ళకే మార్కులు వస్తాయని చెప్పండి.

ఎడ్విన్

*

తాడేపల్లిగూడెం,
19 జూలై 2003

ఎడ్విన్‌కి,

నీ చిన్న ఉత్తరం నిన్న అందింది. రెండేళ్ళలో నువ్వు సూటిగా జవాబు చెప్పింది ఇదే మొదటిసారి. చదివి మనసు తేలికపడింది. మీ అన్నయ్యకి కూడా చూపించాను. "వాడే అన్నాక ఇంకేం," అన్నారు.

అయితే ఆగస్టు తొమ్మిదిన ఖాయం. ఆకివీడు సుందరరావు వ్యానులో ఎనిమిది క్యాన్లు సముద్రపు నీళ్ళు తెస్తాడు. అతను చేపపిల్లలు తోలే మనిషే గానీ, నీ నీళ్ళు మోసేది కూడా ఎప్పటి నుంచో అతనే కాబట్టి, క్యాన్లు దించడం వరకే అతని పని. తొట్టి మీద చెయ్యి వెయ్యనివ్వను. సున్నం ఇంట్లో లేదు.

నీ కొత్త స్టాండు ఎజ్రా షెడ్డులో ఎండుతోంది. రెండు రోజులకోసారి వెళ్ళి వాసన చూసి వస్తున్నాను. దీవెన రాళ్ళన్నిటికీ నంబర్లు వేసి బొమ్మ గీసింది, ఏది ఏ వైపు తిరిగి ఉందో బాణం గుర్తులతో. ఇరవై మూడు రాళ్ళు. పువ్వు తొమ్మిదో నంబరు రాయి మీద ఉంది.

ఐదు నూళ్ళయింది. మూడు వారాలు ఓర్చుకోమని రోజూ దానికి చెబుతున్నాను.

దేవకుమారి

*

తాడేపల్లిగూడెం,
10 ఆగస్టు 2003, ఆదివారం

ఎడ్విన్‌కి,

నిన్న మార్చేశాం. ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను, నా తప్పుతో సహా.

పొద్దున ఎనిమిదికి సుందరరావు నీళ్ళతో రావాలి. రాలేదు. గోదావరి పుష్కరాలు ఇవాళ్టితో ఆఖరు, నర్సాపురం దారంతా జనమేనని మనకి తెలిసిందే. నేను ఆగి ఉండాల్సింది. కానీ ఎజ్రా, అతని మనుషులు ముగ్గురూ ఒంటిగంటకల్లా ఇంకో పనికి వెళ్ళాలి. నా కాగితం మీద ఎనిమిదిన్నరకి రాళ్ళు తీయాలని ఉంది. ఎనిమిదిన్నరకి మొదలుపెట్టాను. కొత్త నీళ్ళు ఇంట్లో లేకుండా పాత నీళ్ళు కదపకూడదని నువ్వు రాసిన వాక్యం అదే కాగితం మీద మూడో పనిగా ఉంది. దాన్ని దాటేసి నాలుగోది చేశాను. నా కాగితాన్ని నేనే తప్పడం ఇదే మొదటిసారి.

రాళ్ళు బాగానే వచ్చాయి. పువ్వే ఇబ్బంది పెట్టింది. రాత్రికి రాత్రి తొమ్మిదో రాయి దిగి వెనక గాజు మూలకి పాకి ఉంది. ఎజ్రా అట్లకాడ తెమ్మన్నాడు. "ఇది అట్టు కాదండీ," అన్నాను. చెయ్యి ముంచి, పాదం అంచు దగ్గర వేలి చివరతో కొంచెం కొంచెంగా తట్టుతూ కూర్చున్నాను. నలభై నిమిషాలు. నా చేతి నుంచి రొయ్య ముక్కలు తినే అలవాటు కాబట్టో ఏమో, చివరికి తనంతట తనే వదిలింది. నా అరచేతిలోకి వచ్చింది. నీళ్ళలోనే గిన్నెలోకి జార్చాను.

పది గంటలకి చేపలు డ్రమ్ములో, రాళ్ళు ఇంకో రెండు డ్రమ్ముల్లో. గాలి మోటారు పెట్టాం. పది నలభైకి కరెంటు పోయింది. కోత సమయం కాదు, ఊరికే పోయింది. పదకొండున్నరకి నారింజ చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరవడం మొదలుపెట్టాయి. మీ అన్నయ్య విసనకర్ర తెచ్చి డ్రమ్ము మీద విసిరారు. నాకు ఏడుపు రాలేదు, నా మీద నాకు ఒళ్ళు మండింది.

పన్నెండు దాటాక సుందరరావు వచ్చాడు. క్యాను భుజం మీద ఉండగానే డ్రమ్ములోకి తొంగి చూశాడు. నన్ను అడగలేదు. క్యాను దించి, చొక్కా చెయ్యి మడిచి, డ్రమ్ము పక్కన గొంతుక్కూర్చుని అరచేత్తో నీళ్ళని చరచడం మొదలుపెట్టాడు. చరిచి, ఎత్తి, వదలడం. అదే వేగం.

"ఏం చేస్తున్నావు సుందరరావూ?"

"ఆకివీడు నుంచి ఒరిస్సా దాకా పిల్ల తోలేటప్పుడు ఇదేనండీ మా పని. వ్యానులో మోటారు ఎక్కడుంటదండీ. హండీ బిందెకొక మనిషి కూర్చుని దారి పొడుగునా నీళ్ళు కొడతా ఉంటాం. చేపకి కరెంటు సంగతి తెలవదు గదండీ, గాలి సంగతే తెలుసు."

"ఎంతసేపు కొట్టగలవు?"

"ఒరిస్సా ఎంతదూరమండీ మరి?"

మూడు గంటల పది నిమిషాలకి కరెంటు వచ్చింది. అప్పటిదాకా అతను చెయ్యి ఆపలేదు. మధ్యలో రాళ్ళ డ్రమ్ముల దగ్గర నేనూ దీవెనా కూర్చుని అతన్ని చూసి అలాగే చరిచాం. నా భుజం ఇవాళ పైకి లేవడం లేదు, అక్షరాలు వంకరగా ఉంటే అందుకే. నువ్వు చెరువుల వాళ్ళని చెయ్యి పెట్టనివ్వద్దన్నావు. పెట్టనిచ్చాను.

ఈలోగా ఎజ్రా మనుషులు ఖాళీ తొట్టిని ప్లైవుడ్ పలకతో సహా ఎత్తి కొత్త స్టాండు మీద పెట్టారు. సాయంత్రం ఐదుకి నీళ్ళు నింపడం అయింది. ఇవాళ లైటు వెయ్యలేదు. నీలం చేప పొద్దున చచ్చి తేలింది. నారింజ చేపలు రెండూ ఉన్నాయి. పువ్వు ముడుచుకుని బఠాణీ మూటలా ఉంది, బతుకుతుందో లేదో నాకు తెలియదు.

ఎజ్రా పాత స్టాండుని విడగొట్టేటప్పుడు ఒక సంగతి కనిపించింది. అది రాయను.

దేవకుమారి

*

దిగ్లీపూర్

(దేవకుమారి చేతిరాత: తేదీ లేదు. అందింది 13-8-2003.)

వదినా,

మీరే మార్చేస్తానని రాసిన ఉత్తరం ఇప్పుడే అందింది. దయచేసి ఆ పని చెయ్యకండి. మొన్న నేను సరేనన్నది పావు వంతు నీళ్ళు తీసెయ్యడానికి. అది చాలు. అంతకు మించి దేన్నీ కదపకండి.

పదిహేడు పనులు కాగితం మీద ఎక్కించినంత మాత్రాన చేతికి రావు. హేచరీలో ఆరేళ్ళు పనిచేసిన వాళ్ళం మేమే భయపడే పని ఇది, ఇంట్లో ఆడవాళ్ళు చేసేది కాదు. ఆ జంటని నేను పెంచాను. పోగొట్టేది మీరు కాకూడదు. స్టాండు ఇన్నాళ్ళూ ఆగింది, ఇంకో నెల ఆగుతుంది. మీరు గుడ్డ సంగతి పట్టించుకుంటే చాలు.

సముద్రం బాగాలేదు, పడవలు ఆగిపోయాయి. ఈ ఉత్తరం ఎప్పటికి చేరుతుందో.

ఎడ్విన్

*

తాడేపల్లిగూడెం,
14 ఆగస్టు 2003

ఎడ్విన్‌కి,

నీ ఉత్తరం నిన్న అందింది. నువ్వు వద్దన్న పని అప్పటికే నాలుగు రోజుల క్రితం అయిపోయింది. "మీరు రాసినట్టే చేసెయ్యండి" అని వచ్చిన ఉత్తరం నా ఏ ఉత్తరానికి జవాబో తెలియాలంటే దాని మీద తేదీ ఉండాలి. తేదీ వెయ్యమని ఎన్నిసార్లు అడిగానో నీకు గుర్తుందా? తేదీ వెయ్యడానికి అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం నువ్వు మిగుల్చుకున్నందుకు నేను నీ అనుమతి ఉందనుకుని మూడు క్వింటాళ్ళు విప్పాను.

ఇంట్లో ఆడవాళ్ళు చేసేది కాదన్నావు. రెండేళ్ళుగా ఆ తొట్టిలో ప్రతి చుక్కా కొలిచి పోసింది ఇంట్లో ఆడదే. నువ్వు వెళ్ళాక చచ్చినవి మొన్నటి నీలం చేపతో కలిపి మూడు. నువ్వున్న మూడేళ్ళలో పదకొండు. అప్పుడు కూడా పుస్తకం రాసింది నేనే.

పువ్వు నిన్న మధ్యాహ్నం విచ్చుకుంది. తొమ్మిదో రాయి మీదకి తనే ఎక్కింది. ఆడ చేప దాని మధ్యలోకి దూరి, మగదాన్ని అరగంట బయటే నిలబెట్టి, తర్వాత రానిచ్చింది. నువ్వు పెంచిన జంట బతికే ఉంది.

ఇక నేను రాయనన్న సంగతి. పాత స్టాండుని ఎజ్రా సుత్తితో తట్టి చూశాడు. మూడు కాళ్ళు ఠంగుమన్నాయి. వెనక ఎడమ కాలు దబ్బుమంది. గోకి చూపించాడు. ఆ కాలికి పై చట్రంతో వెల్డింగే లేదు. సందులో కన్నాలు పూడ్చే ఎంసీల్ ముద్ద కూరి, రుద్ది, పైన నల్ల రంగు వేసి ఉంది. ఐదేళ్ళు మా పిల్ల కూర్చున్న పక్కన మూడు కాళ్ళ స్టాండు మీద మూడు క్వింటాళ్ళు నిలబెట్టావు. అది కుంగుతోందని రాస్తే నా తడిగుడ్డ అన్నావు, మీ అన్నయ్య చేత కూడా అనిపించావు. ఆ కాలు ముక్క కోయించి నా దగ్గర పెట్టుకున్నాను. నువ్వు వచ్చిన రోజున భోజనాల బల్ల మీద, మీ అన్నయ్య ముందు పెడతాను.

దేవకుమారి

*

పోర్ట్ బ్లెయిర్,
5 ఆగస్టు 2003, మంగళవారం

(దేవకుమారి చేతిరాత: అందింది 21-8-2003.)

వదినా,

తొమ్మిదిన ఖాయం చేశామని మీరు రాసిన ఉత్తరం ఆదివారం అందింది. చేసెయ్యండని నేను రాసిన చిన్న ఉత్తరాన్ని మీరు దేనికి జవాబనుకున్నారో అప్పుడు అర్థమైంది. సోమవారం రోజంతా బస్సులోనే గడిచింది, పోర్ట్ బ్లెయిర్ వచ్చాను, ఫోను చేద్దామని. మన ఇంటి ఫోను మోగి మోగి ఆగిపోతోంది. అన్నయ్య స్కూలుకి చేస్తే పుష్కరాలకి సెలవులన్నారు. అందుకని స్పీడ్ పోస్టు చేస్తున్నాను, తొమ్మిదిలోపు అందుతుందన్న ఆశ మాత్రం పెద్దగా లేదు.

మార్చడం మానెయ్యమని కాదు. మార్చండి. కానీ నీళ్ళు తోడేటప్పుడు ఎవర్నీ వెనక ఎడమ మూల దగ్గర నిలబడనివ్వకండి. దీవెనని అసలు ఆ గదిలోకే రానివ్వకండి. ముందు ఆ మూల కింద ఇటుకలు పేర్చి ఆనించండి. ఆ కాలు ఏమీ మొయ్యడం లేదు వదినా. దానికి వెల్డింగ్ లేదు.

తొంభై ఎనిమిదిలో హేచరీ వర్క్‌షాపులో నేనే చేశాను. మూడు కాళ్ళయ్యాక రాడ్లు అయిపోయాయి. అన్నయ్య వ్యాను మాట్లాడుకుని బయట నిలబడి ఉన్నాడు, "మా తమ్ముడు వెల్డింగ్ కూడా చేస్తాడు," అని డ్రైవరుకి చెబుతున్నాడు. ఒక కాలు మిగిలింది, రేపు రమ్మని ఆయనతో అనలేకపోయాను. సందులో ముద్ద కూరి రంగు వేశాను. వారంలో వచ్చి వెల్డ్ చేద్దామనుకున్నాను. అప్పటికి మీరు నీళ్ళు నింపేశారు. తర్వాత అన్నయ్య చర్చి వాళ్ళందర్నీ పిలిచి చూపించాడు. ఆ తర్వాత ఇక చెప్పలేదు.

మీరు రెండు నూళ్ళని రాసినప్పుడే నాకు ఏ కాలో తెలుసు. తప్పు మీ గుడ్డ మీద పెట్టాను. ఆ రెండు మేకులు నాకు బాగా గుర్తున్నాయి. అన్నయ్యకి ఏమని చెప్పాలో తెలియడం లేదు.

పువ్వు గాజుకి అతుక్కుని ఉంటే మీరే చెయ్యి పెట్టండి. వేరేవాళ్ళని పెట్టనివ్వకండి.

ఎడ్విన్

*

తాడేపల్లిగూడెం,
22 ఆగస్టు 2003, శుక్రవారం

ఎడ్విన్‌కి,

నీ ఉత్తరం నిన్న అందింది. తేదీ వేశావు. కాబట్టి నా పద్నాలుగో తేదీ ఉత్తరం చూడకముందే, ఎవరూ అడగకుండానే, నువ్వే రాశావని తెలిసింది. తేదీ ఉండడం వల్ల ఉపయోగం ఇదే, ఇంతకు ముందు ఎన్నిసార్లు చెప్పినా నీకు ఎక్కలేదు.

నా ఆ ఉత్తరం ఈ పాటికి నీ చేతిలో ఉండి ఉంటుంది. అందులో నాలుగో పేరా కొట్టేసుకో. నా పుస్తకంలో తప్పు పడితే గీత గీసి పక్కన పొట్టి సంతకం పెడతాను, నువ్వూ అలాగే చెయ్యి. మొదటి మూడు పేరాలు కొట్టెయ్యకు. అవి అలాగే ఉండాలి. ఆ రోజు దీవెన ఆ మూల దగ్గరే మోకాళ్ళ మీద కూర్చుని నీళ్ళు తోడింది. నిన్న నీ ఉత్తరం చదివాక వంటగదిలోకి వెళ్ళి కాసేపు దాని బల్ల పట్టుకుని నిలబడ్డాను. ఆ విషయం కూడా కొట్టెయ్యలేను, నా వల్ల కాదు.

సుందరరావుకి చెయ్యి నొప్పి తగ్గిందట. నిన్న నాలుగు క్యాన్లు తెచ్చాడు. వచ్చే నెల నువ్వొస్తే అతనికి ఒక్కపూట భోజనం పెట్టాలి, వడ్డించేది నువ్వే.

దీవెన బల్ల ఇవాళ మళ్ళీ ముందు గదిలోకి వచ్చింది. కొత్త స్టాండు నాలుగు కాళ్ళూ నేనే తట్టి చూశాను. ఇవాళ పొద్దున స్కేలు పెట్టాను. కుడి పక్క రెండు అంగుళాలు. ఎడమ పక్క రెండు అంగుళాలు.

మీ అన్నయ్యకి నేనేమీ చెప్పలేదు. ఎజ్రా చెప్పే మనిషి కాదు. ఆయన పోయిన ఆదివారం కూడా చర్చి దగ్గర, "మా ఎడ్విన్ స్టాండు ఐదేళ్ళు ఆగిందండీ," అని ఎవరితోనో అంటున్నారు. నేను పక్కనే ఉండి చెప్పుల పట్టీ సర్దుకున్నాను. పాత ఇనుమంతా తూకానికి వేసేశాం, ఆ కాలు ముక్క తప్ప. అది న్యూస్‌పేపర్లో చుట్టి బీరువా కింద పెట్టాను. భోజనాల బల్ల మీద నేను పెట్టను. నువ్వొచ్చాక నువ్వే తీసి ఆయనకి చూపించు.

తొందరేం లేదు.

వదిన,
దేవకుమారి